తాగే నీళ్లతో కార్లు కడిగే అలవాటు మానుకుందాం

సంపాదకుడు గారికి నమస్కారం.

మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. పొద్దున అయిదున్నరకు వదిలితే ఏడింటికల్లా ఆగిపోతుంది. మొన్న నీళ్లు వచ్చిన రోజు పాలప్యాకెట్ కోసం బయటికి వెళ్లాను. గల్లీ మొదట్లో ఒకాయన నల్లాకు పైపు తగిలించి కారు కడుగుతున్నారు. గల్లీ చివర రేకుల ఇంటి ముందు ఒకావిడ నల్లా గుంతలో బిందె దించి, పక్కనే గొంతుకూర్చుని ఉంది. ఆ నల్లాలోంచి పడే ధార నా చిటికెన వేలంత లావు కూడా లేదు. ఎంతసేపట్లో నిండుతుందమ్మా అని అడిగితే, "పైన మోటార్లు బందైతే జల్ది నిండుతది అన్నా, లేకుంటే ఇట్లనే" అంది. రెండిళ్లకూ ఒకటే లైను.

ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. మా పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి, వాచీ చూస్తూ నింపాను. నిమిషం పది సెకన్లు పట్టింది. (ఆ నీళ్లు మళ్లీ సంపులోనే పోశాను.) అంటే నిమిషానికి 17 లీటర్లు. గల్లీ మొదట్లో ఆ పైపు నేను చూస్తుండగానే 20 నిమిషాలు నడిచింది. ఆయన షాంపూ రుద్దుతున్నంతసేపూ అది నేల మీద పడి పారుతూనే ఉంది. లెక్క వేస్తే 340 లీటర్లు. డ్రైనేజీ ఉన్న నగరంలో ఒక మనిషికి అన్ని అవసరాలకూ కలిపి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ప్రభుత్వ ప్రమాణం. ఇద్దరు మనుషులు రోజంతా వాడుకున్నా ఇంకా మిగిలే నీళ్లు ఒక కారు మీద నుంచి మోరీలోకి పోయాయి.

ఆ నీళ్లు హైదరాబాద్‌కు ఊరికే రావడం లేదు. ఒకప్పుడు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఈ నగరం దాహం తీర్చేవి. ఆ తర్వాత మంజీర, సింగూరు వచ్చాయి. ఇప్పుడు ఎక్కువ భారం కృష్ణా, గోదావరుల మీదే ఉంది. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి సుమారు 186 కిలోమీటర్లు పైపుల్లో వస్తాయి. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తాయి. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. మన నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. అంటే ఆ నీటిని దారిలో మూడువందల మీటర్లకు పైగా ఎత్తిపోయాలి. అందుకయ్యే కరెంటు, శుద్ధి చేసే ఖర్చు, క్లోరిన్, సిబ్బంది జీతాలు అన్నీ కలిస్తేనే నల్లాలో ఒక బిందె నీళ్లు. వాటిని టైరు మీది బురద కడగడానికి వాడుతున్నాం.

నేనూ కారు ఉన్నవాణ్నే. పదకొండేళ్లుగా ముదురు నీలం రంగు కారును ఇంటి దగ్గర నా చేత్తోనే కడుక్కుంటున్నాను. అందుకని నల్లా నీళ్లు ఎందుకు వాడుతున్నారో నాకు తెలుసు. మా వైపు బోరు నీళ్లు ఉప్పునీళ్లు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. బోరు నీళ్లతో కడిగి వదిలేస్తే ఆరిన చోటల్లా తెల్ల మచ్చలు పడతాయి. ముదురు రంగు కార్ల మీద అవి మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అలాగే వదిలేస్తే ఎండకు గట్టిపడి, మామూలు గుడ్డకు వదలవు. లక్షలు పోసి కొన్న కారు కదా, మంచినీళ్లతోనే కడగాలని టెన్షన్. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మచ్చలు పడేది నీళ్లను కారు మీదే ఆరనివ్వడం వల్ల. కడిగిన వెంటనే మెత్తటి మైక్రోఫైబర్ టవల్‌తో అద్దుకుంటే బోరు నీళ్లతోనూ మచ్చలుండవు. ఎండలో కాలుతున్న బానెట్ మీద నీళ్లు పోయకూడదు. పొద్దున్నే గానీ, సాయంత్రం నీడ పడ్డాక గానీ కడుక్కోవాలి. ఈ రెండూ పాటిస్తున్నాను కాబట్టి నేను కారుకు నల్లా నీళ్లు వాడి చాలా ఏళ్లయింది.

పైపుతో కడిగితేనే కారు శుభ్రపడుతుందనేది కూడా పొరపాటే. పైపు ధార దుమ్ము పైపైన తోస్తుందంతే. మురికిని వదిలించేది షాంపూ, గుడ్డ. నేను చేసేది చెబుతాను. మొక్కలకు మందు కొట్టే చేతి స్ప్రేయర్‌లో రెండు లీటర్ల నీళ్లు పోసి, ముందు కారంతా తడిపి అయిదు నిమిషాలు వదిలేస్తాను. దుమ్ము నానుతుంది. ఒక సగం బకెట్ నీళ్లలో కారు షాంపూ కలుపుతాను. ఇంకో సగం బకెట్‌లో ఉత్త నీళ్లు. షాంపూలో ముంచిన గుడ్డతో టాప్ మీద నుంచి మొదలుపెట్టి కిందికి వస్తాను. ఒక డోర్ అయ్యాక గుడ్డను ఉత్త నీళ్లలో జాడించి, పిండి, అప్పుడే మళ్లీ షాంపూలో ముంచుతాను. అంతా అయ్యాక రెండో బకెట్ అడుగున చెయ్యి పెడితే సన్నటి ఇసుక గరగరలాడుతూ తగులుతుంది. ఆ ఇసుక గుడ్డలోనే ఉండిపోతే రుద్దిన ప్రతిసారీ పెయింటు మీద గీత పడేది. ఎండలో చూస్తే కొత్త కార్ల మీద కూడా సాలెగూడులాగా గుండ్రటి గీతలు మెరుస్తుంటాయే, అవి వచ్చేది ఇలాగే. చక్రాలకు బ్రేకుల నుంచి రాలే నల్లటి పొడి పడుతుంది కాబట్టి వాటికి వేరే గుడ్డ, అదీ చివర్లో. ఆఖరున ఒక బకెట్ నీళ్లు మగ్గుతో పోసి, టవల్‌తో అద్దేస్తాను. మొత్తం 40 లీటర్లకు అటూ ఇటూ. పైపుకు పోయే 340 లీటర్లలో ఎనిమిదో వంతు.

బట్టల పొడి, అంట్లు తోమే సబ్బు మాత్రం వాడకండి. అవి పెయింటు మీది వ్యాక్స్ పొరను తీసేస్తాయి. వారం తిరక్కుండా కారు వెలవెలబోతుంది, మళ్లీ కడగాలనిపిస్తుంది. మూడు నాలుగు నెలలకోసారి వ్యాక్స్ పట్టిస్తే దుమ్ము అంత తొందరగా అంటదు, తడిగుడ్డకే వచ్చేస్తుంది. కారు మీద నిజంగా శ్రద్ధ ఉన్నవాళ్లు నీళ్లు తగ్గించి గుడ్డలు పెంచుతారు.

ఎండాకాలంలో ఇంట్లో ఏసీ నడుస్తుంటే బాల్కనీలో పైపు చివరన కారే నీళ్లను బకెట్‌లో పట్టండి. గాలిలోని తేమే నీరై కారుతుంది కాబట్టి అందులో ఉప్పు ఉండదు, ఆరినా మచ్చ పడదు. కారు ఆఖరి కడుగుకు, అద్దాలకు దానికి మించిన నీళ్లు లేవు. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి పెయింటుకు పనికిరావు గానీ టైర్లకు, మడ్‌గార్డ్ లోపలి బురదకు నిక్షేపంగా సరిపోతాయి.

అపార్ట్‌మెంట్లలో కార్లు తుడిచే కుర్రాళ్ల సంగతి వేరే చెప్పాలి. తెల్లారకముందే వచ్చి, పొద్దున ఏడెనిమిదింటి లోపు ఇరవై ముప్పై కార్లు తుడవాలి. నెలకు కారుకు ఇంత అని ఇస్తాం. ఒకటే బకెట్, ఒకటే గుడ్డ. మూడో కారుకే ఆ నీళ్లు టీ రంగుకు వస్తాయి. గీతలు పడ్డాయని మళ్లీ వాళ్లనే తిడతాం. ఇందులో వాళ్ల తప్పు లేదు. రోజూ తడిపి తుడవాలనేది మన పట్టుదల. వారానికి ఒకసారి సరిగ్గా కడిగి, మిగతా రోజులు అద్దాలు తుడిస్తే చాలని మనమే చెప్పాలి, జీతం మాత్రం తగ్గించకుండా. ఇంటికి రెండు మంచి గుడ్డలు కొనిస్తే ఎంతవుతుంది?

గేటు బయట పెట్టి కడిగే కార్ల నీళ్లు రోడ్డు మీద నిలుస్తాయి. తారు రోడ్డుకు నిలవ నీరే శత్రువు. మా గల్లీలో గుంతలు పడ్డ చోట్లు చూస్తే రోజూ కార్లు కడిగే ఇళ్ల ముందే ఎక్కువ. స్కూలు యూనిఫాం వేసుకున్న పిల్లలు గోడ పట్టుకుని ఆ సబ్బునురగ దాటుతుంటారు. ఆ సబ్బు నీళ్లు వాన కాలువలోకి, అక్కడి నుంచి నాలాలోకి, నాలా నుంచి చెరువుకో మూసీకో చేరతాయి.

2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించింది. ఉల్లంఘిస్తే 5 వేల రూపాయల జరిమానా అంది. మన దగ్గరా అధికారులు జరిమానా వేసిన వార్తలు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ఎవరో ఒకరు దొరికినప్పుడు కాకుండా, ఏడాది పొడవునా ఒకే నియమం ఉండాలి. నల్లా నీళ్లతో, పైపు పెట్టి వాహనం కడగకూడదని బిల్లు మీదే అచ్చువేయాలి. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి జరిమానా. 2021 జనవరి నుంచి ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితంగా ఇస్తున్న పథకాన్ని నేను తప్పుపట్టను. పేదింటికి అది పెద్ద ఆసరా. అది వంటకు, తాగడానికి, స్నానానికి ఇచ్చినది. నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగేవాళ్ల మీద కూడా చర్య ఉండాలి. చివరింటి బిందె నిండకపోవడానికి సగం కారణం అదే. కార్ వాష్ సెంటర్లకు అనుమతి ఇచ్చేటప్పుడు, వాడిన నీటిని వడకట్టి మళ్లీ వాడే ఏర్పాటు ఉందా లేదా అని నగరపాలక సంస్థ చూడాలి.

అధికారులు కదిలేదాకా ఆగక్కర్లేదు. గల్లీ మొదటింటి ఆయనతో నిన్న మాట్లాడాను. చిరాకుపడతారేమో అనుకున్నాను, పడలేదు. "బోరు నీళ్లతో మచ్చలు పడతాయి కదండీ" అన్నారు. పడకుండా ఎలాగో వచ్చే ఆదివారం పొద్దున ఆయన కారు మీదే చేసి చూపిస్తానన్నాను. మా కాలనీ సంఘం వాళ్లు కూడా వస్తామన్నారు. బకెట్లు, గుడ్డలు నేనే తీసుకెళ్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కుషాయిగూడ, హైదరాబాద్