కార్డులు పంచితే పరిచయాలు కావు

సంపాదకుడు గారికి,

హైదరాబాద్‌లో హెచ్‌ఐసీసీ, హైటెక్స్, టీ-హబ్‌లలో, అటు విశాఖలో ఏటా ఎన్నో సదస్సులు జరుగుతున్నాయి. వేలు పోసి టికెట్టు కొన్నవాళ్లలో చాలామంది కట్టలకొద్దీ విజిటింగ్ కార్డులు పంచి, వేదిక దిగిన వక్తతో సెల్ఫీ దిగి ఇంటిదారి పడతారు. అందరూ అడిగేవాళ్లే అయినచోట ఆ కార్డు చూసి ఫోన్ చేసేదెవరు?

వెళ్లేముందే మనవల్ల అయ్యే సాయాలు రెండు మూడు కాగితం మీద పెట్టుకోవాలి. జీఎస్టీ రిఫండు దరఖాస్తు నింపడం చూపించగలగడం, ప్యాకింగ్ యంత్రం బాగుచేసే మనిషి తెలిసుండటం, ఇలాంటి చిన్నవే అక్కరకొస్తాయి. పెట్టుబడి ఇప్పిస్తామనే గొప్పలే తర్వాత పరువు తీస్తాయి.

‘మీరేం చేస్తుంటారు?’ అని ఆగిపోకుండా ‘ఇక్కడ ఎవరి కోసం చూస్తున్నారు?’ అని అడిగి చూడండి. చెప్పింది అక్కడికక్కడే కార్డు వెనక రాసుకోవాలి: ‘నిజామాబాద్ పసుపు, కర్క్యుమిన్ పరీక్ష, ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్, నెలాఖరులోగా’. అంటే పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ ఎంతుందో, ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ ఒప్పుకున్న చోట పరీక్ష చేయించాలన్నమాట. రాయకపోతే మర్నాటికి ఏ కార్డు ఎవరిదో తెలియదు.

అలాంటి ల్యాబ్ వాళ్లు మధ్యాహ్నం భోజనాల దగ్గర తగిలారనుకోండి. ‘పసుపు ఎగుమతి చేసేవారొకరు పరీక్షల కోసం చూస్తున్నారు, మీ నంబరు ఇవ్వమంటారా?’ అని ముందు వాళ్లను అడగాలి. అటువైపు వారినీ అడగాలి. అడగకుండా నంబర్లు ఇచ్చేయడం, అందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో పడేయడం మేం తరచూ చూసే తప్పు. వారం తిరక్కుండానే అందులో శుభోదయాలు తప్ప ఏమీ మిగలవు. ఇద్దరూ సరేనన్నాక రెండు రోజుల్లోపే ఇద్దరికీ కలిపి ఒకే సందేశం పంపాలి: ఎవరెవరు, ఏం కావాలి, ముందు ఎవరు ఫోన్ చేయాలి. ఆ చివరిది రాయకపోతే అవతలివారే చేస్తారులే అని ఇద్దరూ ఊరుకుంటారు. రెండు వారాలయ్యాక ఏమైందని ఒక్కసారి కనుక్కుంటే చాలు, వెంటపడక్కర్లేదు.

జిల్లాల నుంచి వచ్చిన చిన్న పరిశ్రమలవాళ్లు, విద్యార్థులు ఇంగ్లిష్‌కు జంకి గోడవారన నిలబడిపోతుంటారు. వాళ్లను తెలుగులో పలకరించి, పేరుతోపాటు చేసే పని కూడా చెప్పి పక్కవారికి పరిచయం చేయడానికి నిమిషం పట్టదు. నలుగురు నిలబడి మాట్లాడుకునేటప్పుడు ఐదోమనిషికి చోటు వదలడమూ అలాంటిదే.

నిర్వాహకులూ కొంత చేయాలి. పావుగంట టీ విరామం వరుసలో నిలబడటానికే సరిపోతుంది, కనీసం 40 నిమిషాలైనా ఇవ్వాలి. బ్యాడ్జీ మీద స్పాన్సర్ల గుర్తులు తగ్గించి, పేరును రెండడుగుల దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా, కింద ‘నేను సాయపడగలిగేది’ అన్న ఒక వరుసతో ముద్రించాలి. అదీ రెండు వైపులా, ఎందుకంటే మెడలో వేసుకున్న బ్యాడ్జీ ఎప్పుడూ తిరగబడే ఉంటుంది.

– సదస్సుల నిర్వహణలో పనిచేసేవాళ్లం, హైదరాబాద్