రెండు క్లాసులు కలిపితే బలం రెట్టింపు కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను పరిచయం చేస్తూ వచ్చిన వ్యాసం చదివి ఎంతో సంతోషించాను. కాగితం, పెన్సిలు, ఇరవై ముఖాల పాచిక ముందు పెట్టుకుని నలుగురు కలిసి కథ నడిపించే ఈ ఆటకు తెలుగు పత్రికలో అంత చోటు దక్కడం మాలాంటి వాళ్లకు పెద్ద విషయం. అయితే ఒకే పాత్రకు రెండు క్లాసులు, అంటే యోధుడు, మాంత్రికుడు వంటి రెండు వృత్తులు, ఇస్తే రెండింటి శక్తులూ కలిసి ఆ పాత్ర బలం రెట్టింపు అవుతుందన్న అర్థం వచ్చే మాట అందులో ఒకటి ఉంది. కొత్తగా ఆట మొదలుపెట్టినవారు ఎక్కువగా దెబ్బతినేది సరిగ్గా ఈ నమ్మకం దగ్గరే కాబట్టి, దీన్ని కాస్త వివరంగా సరిదిద్దడం అవసరమనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ నియమాలనే ఆధారంగా తీసుకుంటున్నాను. 2024 సవరణలో మారినవాటిని ఆయా చోట్ల చెబుతాను.

పాత్ర ఒక లెవెల్ ఎదిగిన ప్రతిసారీ ఆ లెవెల్‌ను ఏదో ఒక క్లాసుకే కేటాయించాలి. మొత్తం లెవెళ్లు 20 మించవు. కాబట్టి ఐదో లెవెల్‌లో ఉన్న పాత్ర ఐదు లెవెళ్ల విజార్డ్ (మాంత్రికుడు) అయినా కావచ్చు, మూడు లెవెళ్ల విజార్డ్, రెండు లెవెళ్ల ఫైటర్ (యోధుడు) అయినా కావచ్చు. అంతేగాని ఐదు లెవెళ్ల విజార్డ్, ఐదు లెవెళ్ల ఫైటర్ రెండూ కావడం కుదరదు. పైగా ఉన్న క్లాసుకూ, చేరబోయే క్లాసుకూ ముఖ్యమైన ఎబిలిటీ స్కోర్లు, అంటే బలం, చురుకుదనం వంటి సామర్థ్యాల అంకెలు, కనీసం 13 ఉండాలి. ప్రమాణబద్ధ యోధుడైన పాలడిన్‌కు స్ట్రెంత్ (బలం), కరిజ్మా (ఆకర్షణ) రెండూ 13 కావాలి. సన్యాసి యోధుడైన మాంక్‌కు డెక్స్‌టెరిటీ (చురుకుదనం), విజ్‌డమ్ (వివేకం) రెండూ కావాలి. ఈ గడప దాటిన తర్వాతే అసలు లెక్క మొదలవుతుంది.

ఆ లెక్కలో ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ శక్తి పాత్ర మొత్తం లెవెల్‌ను చూస్తుందా, ఆ ఒక్క క్లాసు లెవెల్‌ను చూస్తుందా? ప్లస్ 2తో మొదలై 17వ లెవెల్‌కు ప్లస్ 6కు చేరే ప్రొఫిషియెన్సీ బోనస్, అంటే నైపుణ్యం ఉన్న పనుల్లో పాచికకు కలిపే అంకె, మొత్తం లెవెల్‌నే చూస్తుంది కనుక ఎన్ని క్లాసులు కలిపినా దానికి నష్టం లేదు. కానీ ముఖ్యమైన శక్తుల్లో చాలా భాగం క్లాసు లెవెల్‌నే చూస్తాయి. నాలుగో లెవెల్‌లో ఎబిలిటీ స్కోర్లు పెంచుకునే అవకాశం కూడా అలాంటిదే. ఫైటర్‌లో మూడు, చాటుగా దెబ్బతీసే రోగ్‌లో మూడు తీసుకున్న పాత్ర ఆరో లెవెల్‌కు వచ్చినా ఒక్కసారి కూడా స్కోరు పెంచుకోదు. అదే సమయానికి ఫైటర్‌గానే మిగిలిన స్నేహితుడు నాలుగులో ఒకసారి, ఆరులో ఒకసారి పెంచుకుని ఉంటాడు.

ఒక జతను దగ్గరగా చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. కోపంతో పోరాడే బార్బేరియన్, రోగ్ కలయికను చాలామంది ఇష్టపడతారు, అందుకు కారణమూ ఉంది. రోగ్ అదును చూసి అదనపు నష్టం కలిగించే స్నీక్ అటాక్‌కు, తేలికగా తిప్పగల ఫినెస్ ఆయుధం గాని, దూరం నుంచి కొట్టే ఆయుధం గాని కావాలని నియమం చెబుతుంది. కానీ డెక్స్‌టెరిటీతోనే కొట్టాలని మాత్రం ఎక్కడా చెప్పదు. బార్బేరియన్ రెండో లెవెల్‌లో వచ్చే, తెగబడి కొట్టే రెక్‌లెస్ అటాక్‌కేమో స్ట్రెంత్‌తో కొట్టడం తప్పనిసరి. రేపియర్ అనే సన్నటి కత్తి ఫినెస్ ఆయుధమే అయినా దాన్ని స్ట్రెంత్‌తోనూ వాడవచ్చు. కాబట్టి రేపియర్ పట్టి, కోపం తెచ్చుకుని, తెగబడి స్ట్రెంత్‌తో పొడిస్తే అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్ద అంకె తీసుకునే వీలు) దానంతట అదే వస్తుంది, దానితో స్నీక్ అటాక్ కూడా వస్తుంది. రెండు క్లాసుల నియమాలు ఇంత చక్కగా ఒకదానికొకటి అతికే చోటు ఈ ఆటలో అరుదు. మొదటిసారి దీన్ని గమనించినవారికి కలిగే ఆనందాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయను.

అయినా ఐదో లెవెల్ దగ్గర ఆగి లెక్క వేసి చూడండి. బార్బేరియన్ రెండు, రోగ్ మూడు లెవెళ్లున్న పాత్రకు స్ట్రెంత్ 16 అనుకుందాం. రేపియర్ దెబ్బకు సగటున నాలుగున్నర, స్ట్రెంత్‌కు మూడు, కోపానికి రెండు, రెండు పాచికల స్నీక్ అటాక్‌కు ఏడు కలిపి పదహారున్నర. కేవలం బార్బేరియన్‌గానే ఐదు లెవెళ్లు ఎదిగిన పాత్ర నాలుగో లెవెల్‌లో స్ట్రెంత్‌ను 18 చేసుకుని ఉంటుంది, ఐదో లెవెల్‌లో దానికి ఒకే వంతులో రెండుసార్లు కొట్టే ఎక్స్‌ట్రా అటాక్ వచ్చి ఉంటుంది. గ్రేట్‌సోర్డ్‌తో దెబ్బకు సగటున 13. రెండూ తగిలితే 26. కలిపిన పాత్రకు కన్నింగ్ యాక్షన్ వల్ల చకచకా తప్పుకునే వీలు, రోగ్‌గా మొదలైతే నాలుగు విద్యల్లో నైపుణ్యం దక్కుతాయి. అవి విలువలేనివి కావు. కాకపోతే ఆ వీలు కోసం ఏం వదులుకుంటున్నామో ముందే తెలిసి వదులుకోవాలి.

ఎక్స్‌ట్రా అటాక్ గురించి ఇంకొంచెం చెప్పాలి. ఫైటర్ ఐదు, పాలడిన్ ఐదు తీసుకుంటే రెండు చోట్లా ఆ శక్తి వస్తుంది గదా, మూడు దెబ్బలు కొట్టవచ్చు గదా అని కొత్తవారు అడుగుతారు. కుదరదు. అవి కలవవని నియమంలో స్పష్టంగా రాసి ఉంది. మూడో దెబ్బ ఫైటర్ పదకొండో లెవెల్‌లోనే వస్తుంది. అదేవిధంగా బార్బేరియన్‌కూ మాంక్‌కూ కవచం లేకుండా రక్షణ ఇచ్చే అన్‌ఆర్మర్డ్ డిఫెన్స్ ఉన్నా, ఒక క్లాసు నుంచి పొందినవారు రెండోదాని నుంచి దాన్ని మళ్లీ పొందలేరు. ఈ అపోహకు నాకు తోచిన కారణం ఒకటుంది. మన యువకుల్లో చాలామంది ఈ నియమాలను మొదట చూసింది 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ గేమ్‌లో. అందులో క్లాసు మారడానికి ఎబిలిటీ స్కోర్ల షరతు లేదు. ఏదో శక్తితో ఒప్పందం చేసుకున్న వార్‌లాక్‌కు ఒక మార్గంలో వచ్చే అదనపు దెబ్బ, ఆటలోని మామూలు కష్టస్థాయుల్లో, మరో క్లాసు ఇచ్చే ఎక్స్‌ట్రా అటాక్‌తో కలుస్తుంది. నచ్చకపోతే వంద బంగారు నాణేలిచ్చి పాత్రను మొదటినుంచి మార్చుకోవచ్చు. అది ఆ గేమ్‌కు తగిన ఏర్పాటే. బల్ల చుట్టూ కూర్చుని ఆడేటప్పుడు మాత్రం తొందరపడి తీసుకున్న లెవెల్ నెలల తరబడి వెంట వస్తుంది.

మంత్రాల లెక్క మరీ తికమకగా ఉంటుంది. మంత్రాలే ప్రధానమైన బార్డ్, క్లెరిక్, డ్రూయిడ్, సోర్సరర్, విజార్డ్ లెవెళ్లను పూర్తిగానూ, పాలడిన్, రేంజర్ లెవెళ్లను సగంగానూ కూడి స్పెల్ స్లాట్లు, అంటే మంత్రం వేసే అవకాశాలు, ఇస్తారు. ఆ సగం 2014లో కిందికి దించి లెక్కించేవారు, 2024లో పైకి పెంచి లెక్కిస్తున్నారు. ఉదాహరణకు క్లెరిక్ మూడు, విజార్డ్ రెండు ఉన్న పాత్రకు ఐదో లెవెల్ విజార్డ్‌తో సమానంగా మూడో స్థాయి స్లాట్లు రెండు దక్కుతాయి. కానీ నేర్చుకునే, సిద్ధం చేసుకునే మంత్రాలను ఏ క్లాసుకా క్లాసు విడిగా చూస్తారు. ఆ పాత్ర విజార్డ్‌గా మొదటి స్థాయి, క్లెరిక్‌గా రెండో స్థాయి దాటలేదు. స్లాటు ఉంటుంది, గుంపును ఒకేసారి కాల్చే మూడో స్థాయి మంత్రం ఫైర్‌బాల్ ఉండదు. 2014 నియమాల్లో ఆ స్లాటుతో క్యూర్ వూండ్స్ వేసి ఎనిమిది ముఖాల పాచికలు మూడు దొర్లించి ఎక్కువ గాయం మాన్పవచ్చు. అది ఉపయోగమే గాని, శత్రువుల గుంపు ఎదురైనప్పుడు పక్కనున్న విజార్డ్ చేసే పని వేరు. వార్‌లాక్ స్లాట్లు ఈ కూడికలో చేరవు, విడిగా ఉంటాయి. గంటసేపు విశ్రమిస్తే తిరిగి వస్తాయి. వాటితో కూడా పాలడిన్ దెబ్బకు అదనపు నష్టం జోడించే డివైన్ స్మైట్ చేయవచ్చు గనుకే పాలడిన్, వార్‌లాక్ జతకు అంత పేరు వచ్చింది.

ఏ క్లాసుతో మొదలుపెట్టామన్నదీ ముఖ్యమే. ఫైటర్‌గా మొదలై తర్వాత విజార్డ్ అయినవారికి బరువైన కవచం, కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) సేవింగ్ త్రోలో, అంటే ఆపదను తట్టుకోవడానికి వేసే పాచికలో, నైపుణ్యం రెండూ ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడు మంత్రం మీద ఏకాగ్రత చెదరకుండా కాపాడేది ఆ సేవింగ్ త్రోయే. విజార్డ్‌గా మొదలై ఫైటర్‌లో చేరినవారికి తేలికపాటి, మధ్యరకం కవచాలు, డాలు, ఆయుధాలు మాత్రమే వస్తాయి. అవే రెండు క్లాసులు. వరస మారితే పాత్ర మారిపోతుంది.

1978 నాటి అడ్వాన్స్‌డ్ నియమాల్లో ఎల్ఫ్, డ్వార్ఫ్ వంటి జాతులవారు రెండు మూడు క్లాసుల్లో ఒకేసారి ఎదిగేవారు, సంపాదించిన అనుభవ పాయింట్లను వాటి మధ్య సమంగా పంచేవారు; మనుషులకు మరో పద్ధతి ఉండేది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ నుంచే ప్రతి లెవెల్‌కూ నచ్చిన క్లాసును ఎంచుకునే స్వేచ్ఛ వచ్చింది. ఆ స్వేచ్ఛను కొందరు ఒక్క లెవెల్ తీసుకుని మంచి శక్తి పట్టుకుపోవడానికి వాడుతున్నారనే కాబోలు, 2024లో అన్ని క్లాసుల ఉపశాఖలనూ మూడో లెవెల్‌కు జరిపారు. ఒకే వంతులో అదనపు చర్యకు ఫైటర్ ఇచ్చే యాక్షన్ సర్జ్‌తో రెండో మంత్రం వేసే దారినీ మూసేశారు. ఈ రెండు మార్పులూ మంచివేనని నా అభిప్రాయం.

ఇంత రాసినందుకు క్లాసులు కలపవద్దంటున్నానని పాఠకులు అనుకోకూడదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టడమని దీన్ని కొట్టిపారేసే డీఎంలతో (డంజన్ మాస్టర్లు, అంటే ఆట నడిపేవారు) నేను ఏకీభవించను. ఒక దేవుడికి ప్రమాణం చేసిన పాలడిన్, యుద్ధంలో తమ్ముణ్ని కాపాడుకోలేక, అర్ధరాత్రి మరో శక్తితో ఒప్పందం కుదుర్చుకుని వార్‌లాక్ అవుతాడు. ఆ ప్రమాణం ఏమవుతుంది, ఆ ఒప్పందానికి ఏ ధర చెల్లించాలి అన్న ప్రశ్నల మీద ఒక కథ మొత్తం నడుస్తుంది. డీఎం ముందే తెలుసుకుని ఆ ఒప్పందాన్ని ఆటలో జరిపిస్తే నియమమూ కథా ఒకే దారిలో నడుస్తాయి. కొత్తవారికి నేనిచ్చే సలహా ఒక్కటే: ముందు ఒకే క్లాసులో ఐదో లెవెల్ దాకా ఆడండి. ఎక్స్‌ట్రా అటాక్ గాని, మూడో స్థాయి మంత్రాలు గాని చేతికి వచ్చాక, వాటి రుచి తెలిశాక, ఇంకో క్లాసు గురించి డీఎంతో మాట్లాడండి.

చివరగా మీకొక విన్నపం. ఈ ఆట మూల నియమాల సంపుటి 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటే చాలు, ఎవరైనా దాన్ని అనువదించవచ్చు, అచ్చు వేయవచ్చు. క్లాసులు కలిపే మల్టీక్లాస్ నియమాలు అందులోనే ఉన్నాయి. మీ అనుబంధంలో ఈ శీర్షిక కొనసాగే పక్షంలో, ఆ కొద్ది పేజీలను, ముఖ్యంగా స్పెల్ స్లాట్ల పట్టికను, తెలుగులో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. అనువాదంలో సాయం కావాలంటే చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హైదరాబాద్