ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి

మా ఫ్రెండుది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. అక్కడ కిడ్నీ జబ్బు కొత్తేం కాదు, ఎందుకొస్తోందో మాత్రం ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. పోయిన నెల వాడికి మొదటి డయాలసిస్. "ఇది అయిపోతే తగ్గిపోద్ది కదరా?" అని వాడు అడిగిన ప్రతిసారీ నేను "ఏం కాదురా, నెలలో మామూలైపోతావు" అనేవాణ్ణి. అబద్ధమని నాకు తెలుసు. వాడికీ తెలుసనుకుంటా.

మీరు మిషన్ మీద రీడింగ్ రాసుకుని వెళ్లిపోవచ్చు సిస్టర్, ఎవరూ ఏమీ అనరు. అలా కాకుండా స్టూలు లాక్కుని వాడి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "ఇది జబ్బుని తగ్గించదు తమ్ముడూ, కిడ్నీలు చేయాల్సిన పని ఇది చేస్తుంది, మామూలుగా వారానికి 3 సార్లు, 4 గంటలేసి రావాల్సి ఉంటుంది" అని మెల్లగా చెప్పారు. వాడు ఏడ్చాడు. మీరు ఊరుకోమనలేదు. ఎన్నాళ్లిలా అంటే "నాకు తెలీదు నాన్నా, తెలిసినట్టు చెప్పలేను" అన్నారు. నోరెండిపోతోందంటే, నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదు కదా, దూది తడిపి పెదాలకి అద్దారు.

మీరు వెళ్లాక వాడు మొదటిసారి అప్పుల సంగతి, చిన్నదాని చదువు సంగతి నాతో మాట్లాడాడు. నేను నోరు మూసుకుని విన్నాను.

మీ పేరు అడగడం మర్చిపోయాను. చాలా థాంక్స్ సిస్టర్.