కోడ్ చూసి స్పేరు మార్చేస్తే మరమ్మతు అయిపోదు

సంపాదకులకు నమస్కారం.

2020 ఏప్రిల్ 1న వాహనాల పొగ కాలుష్యాన్ని కట్టడి చేసే బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాక చిన్న షెడ్డుల్లో సైతం బండి కంప్యూటర్ నమోదు చేసిన తప్పుల కోడ్లు చదివే స్కానర్ లేనిదే పని నడవడం లేదు. అది మంచి మార్పే. అయితే తెరపై ఏ సెన్సర్ పేరు కనిపిస్తే ఆ సెన్సర్‌ను మార్చేసి, డ్యాష్‌బోర్డులోని ఇంజిన్ హెచ్చరిక లైటు ఆరగానే బిల్లు చేతికిచ్చే పద్ధతి కూడా దానితోపాటే పాకిపోయింది. దీనివల్ల ఓనర్లు వేలకు వేలు నష్టపోతున్నారు, నిజాయతీగా పనిచేసే వారికీ చెడ్డపేరు వస్తోంది. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్న వాడిగా తోటి మెకానిక్ సోదరులకు కొన్ని విషయాలు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

పెట్రోల్ బండ్లలో తరచూ కనిపించే పీ0171 కోడ్‌నే తీసుకుందాం. ఇంజిన్‌లోకి వెళ్తున్న గాలికి తగినంత పెట్రోలు అందడం లేదని, కంప్యూటర్ తన హద్దు మేరకు పెంచినా చాలడం లేదని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. ఆ లోటును కనిపెట్టింది ఆక్సిజన్ సెన్సర్. ఉన్నది ఉన్నట్టు చెప్పిన ఆ సెన్సర్‌నే చాలామంది ముందుగా ఊడదీస్తున్నారు. దానికి బదులు స్కానర్ లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చూపే అంకె, చూడాలి. షార్ట్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ (కొంతకాలంగా నిలిచిన సవరణ) రెండూ కలిపి పది శాతానికి అటూ ఇటూగా ఉంటే చింతలేదు. ఐడిలింగ్‌లో పాతిక దాకా ఉన్నది, రేసు ఇచ్చి 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపితే ఐదారుకు దిగిపోయిందంటే సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ వైపు ఎక్కడో బయటి గాలి పీలుస్తోందన్నమాట. ఐడిలింగ్‌లో ఇంజిన్ తీసుకునే గాలే తక్కువ కాబట్టి చిన్న చీలిక కూడా పెద్ద తేడా చూపిస్తుంది, రేసులో అదే చీలిక లెక్కలోకి రాదు. ఐడిలింగ్‌లో బాగానే ఉండి రోడ్డు మీద లోడు పడేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే మాత్రం పెట్రోల్ పంపు ప్రెషరు, ఫిల్టరు, లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్‌కు పట్టిన దుమ్ము చూసుకోవాలి. దానికి బదులు మానిఫోల్డ్ ఒత్తిడిని చూసి గాలిని లెక్కగట్టే మ్యాప్ సెన్సర్‌తో నడిచే బండ్లలో గాలి లీకేజీ ట్రిమ్‌లో అంతగా తెలియదు, ఐడిలింగ్ స్పీడు పెరగడమే దాని గుర్తు. ఈ తేడా మరిచిపోయి గంటలు పోగొట్టుకునేవారున్నారు.

ఇటీవల మా షెడ్డుకు వచ్చిన ఒక కారుకు అప్పటికే వేరేచోట రెండు ఆక్సిజన్ సెన్సర్లు మార్చారు, అయినా లైటు మళ్లీ వెలిగింది. ఇన్‌టేక్‌లోకి పొగ పంపి చూస్తే, మానిఫోల్డ్ కింద పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది) మెలిక తిరిగే చోట నుంచి సన్నని దారంలా బయటికొచ్చింది. గొట్టం మార్చాక ట్రిమ్ సరైన అంకెకు వచ్చింది. ఆ రెండు సెన్సర్ల ఖర్చు ఓనరుకు తిరిగి వచ్చేది కాదు.

ఒకేసారి నాలుగైదు సెన్సర్ల మీద కోడ్లు పడితే, అన్నీ ఒకే రోజున చెడిపోయాయని నమ్మకూడదు. వాటన్నిటికీ కలిసి వచ్చే ఐదు వోల్టుల సరఫరానో, ఎర్తునో ముందు అనుమానించాలి. మీటరును ఐదు వోల్టుల వైరు మీద పెట్టి, సెన్సర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా విప్పుతూ పోతే, ఏది విప్పగానే వోల్టేజీ మళ్లీ ఐదుకు లేస్తుందో షార్టు అక్కడే ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగిన బండ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే నీళ్లు ఆరిపోయిన నెలల తర్వాత కూడా కనెక్టర్ల లోపల పచ్చటి చిలుము పెరుగుతూనే ఉంటుంది. సెల్ఫ్ బరువుగా తిరుగుతోందని బ్యాటరీ మార్చేముందు, మీటరు ఒక వైరును బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోదాన్ని ఇంజిన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ కేబుల్ దోషమే.

డీజిల్ బండ్ల సంగతికొస్తే, ఊళ్లోనే కొద్దికొద్ది దూరాలు తిరిగే కార్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు)లో చేరిన మసి కాలిపోయేంత వేడి రాదు. ఆ మసిని కాల్చేసే రీజనరేషన్ సగంలో ఆగిపోయిన ప్రతిసారీ అదనంగా చల్లిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. అందుకే డీపీఎఫ్ లైటుతో వచ్చిన బండికి ముందుగా ఆయిల్ లెవెల్ చూపే డిప్‌స్టిక్ తీసి చూడాలి. లెవెల్ గరిష్ఠ గీత దాటి డీజిల్ వాసన వస్తుంటే ఆయిల్ మార్చకుండా బలవంతపు రీజనరేషన్ పెట్టకూడదు. పోసే ఆయిల్ కూడా కంపెనీ చెప్పిన తక్కువ బూడిద రకమే కావాలి, ఎందుకంటే మసి కాలుతుంది గాని బూడిద కాలదు. డీపీఎఫ్‌ను ఊడదీసి ఖాళీ పైపు బిగించే వారిని నేను క్షమించలేను. అది చట్టవిరుద్ధం, పైగా ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

మెకానిక్‌లను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. వైరింగ్ డయాగ్రమ్ లేకుండా ఎవరైనా ఎంతవరకు పరీక్షించగలరు? 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధిస్తూ, స్పేర్లు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి షెడ్డులకూ అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. ఆ వివాదం కోర్టులకెక్కింది. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెరిచింది. మరమ్మతు సమాచారం సరసమైన ధరకు, వీలైతే తెలుగులో, చిన్న షెడ్డులకు చేరేలా కేంద్రం ఒత్తిడి తేవాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఐటీఐల్లో మోటార్ వెహికల్ ట్రేడు పిల్లలకు మీటరు, స్కోపు (వోల్టేజీ మార్పులను గీతగా చూపే పరికరం) చేతికిచ్చి పరీక్ష పెట్టాలి.

ఓనర్లకు ఒక విన్నపం. కోడ్ చెరిపేముందు దానితోపాటు నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలను రాసి ఇమ్మని అడగండి. తప్పు జరిగిన క్షణంలో బండి వేగం, ఇంజిన్ వేడి, లోడు అందులో ఉంటాయి. చెరిపేస్తే అవి మళ్లీ దొరకవు. ఏ స్పేరును ఏ పరీక్ష చేసి మార్చారో బిల్లు మీద రాయించుకోండి.

ఇట్లు
ఒక మోటార్ మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ