ఒక్క ఆల్టో, నాలుగు సైడ్లు

చిట్టితల్లీ,

ఆంథొనీ బ్రాక్స్‌టన్ ఒక్క ఆల్టో శాక్సోఫోన్‌తో చేసిన "ఫర్ ఆల్టో" ఆల్బమ్‌లో రెండో ట్రాక్ సగంలోనే ఆపేశానని రాశావు. అదే మెసేజ్ చివర, నేనూ సోలోగా ఒక అరగంట రికార్డు చేస్తాను, ఎలాగో చెప్పు నాన్నా అన్నావు. రెండింటికీ కలిపే రాస్తున్నాను. నువ్వు అడిగిన దానికి దారి ఆ ఆల్బమ్‌లోనే ఉంది.

ముందు వినే వరస మార్చు. నువ్వు ఆపేసింది స్వరకర్త జాన్ కేజ్‌కి అంకితమిచ్చిన తొమ్మిదిన్నర నిమిషాల ముక్క. బ్రాక్స్‌టన్ అందులో రీడు (మౌత్‌పీస్‌కి బిగించే పల్చటి బద్ద) చీలిపోతుందేమో అన్నంత గట్టిగా ఊదుతాడు. కొత్తగా వినేవాళ్లు చాలామంది అక్కడే జారుకుంటారు. పియానిస్టు సెసిల్ టేలర్ పేరిట ఉన్న నాలుగో ట్రాక్‌తో మొదలుపెట్టు. ఐదు నిమిషాల చిల్లర, అంతే. తర్వాత ఐదోది. అది పదమూడు నిమిషాలు, దాదాపు గుసగుస. ఫ్యాన్ ఆపేసి హెడ్‌ఫోన్స్‌లో విను. ఈ రెండూ అయ్యాక జాన్ కేజ్ ముక్కకి వెళ్లు. అప్పుడు తెలుస్తుంది నీకు: గోలగా ఉన్నది చివరిదాకా గోలే, నెమ్మదిగా ఉన్నది చివరిదాకా నెమ్మదే. ఏ ముక్కకి పెట్టుకున్న హద్దు ఆ ముక్కలోనే కడదాకా నిలబెట్టాడు. ఆల్బమ్ కిటుకు అదే.

అది ఊరికే రాలేదు. 1965లో చికాగోలో మూహల్ రిచర్డ్ ఏబ్రమ్స్ వాళ్లు పెట్టిన ఏఏసీఎం అనే సంగీతకారుల సంఘంలో చేరిన బ్రాక్స్‌టన్, మొదట్లో ఒంటరిగా కచేరీ చేసినప్పుడు గంటసేపు ఏదో ఒకటి తోస్తూనే ఉంటుందనుకున్నాడు. పది నిమిషాలకే సరుకు అయిపోయి, ఊదిందే ఊదడం మొదలైంది. దాని తర్వాతే ధ్వనుల్ని రకాలుగా విడదీసి, ఒక్కో ముక్కకి ఒక్కో రకం కేటాయించడం మొదలుపెట్టాడు. దీర్ఘ స్వరాలు, నొక్కి వదిలే దీర్ఘ స్వరాలు, రెండు పక్క స్వరాల మధ్య వేగంగా ఊగే ట్రిల్స్, తుంపులు తుంపులుగా స్టకాటో, పెద్ద పెద్ద అంతరాల గెంతులు, ఒకేసారి రెండు మూడు స్వరాలు పలికే మల్టీఫోనిక్స్, ఇలా మొత్తం పన్నెండు. ఈ ఆల్బమ్‌ని చికాగోలోనే, 1969 ప్రాంతంలో రికార్డు చేశాడు. అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. డెల్మార్క్ రికార్డు కంపెనీ వాళ్లు 1971లో రెండు ఎల్పీలుగా వేశారు. అంతకుముందు కోల్‌మన్ హాకిన్స్ 1948లో, సానీ రోలిన్స్ 1958లో, ఎరిక్ డాల్ఫీ 1960లో తోడు లేకుండా ఒక్కో ముక్క వాయించారు గానీ, ఒక్క శాక్సోఫోన్‌తో పూర్తి ఆల్బమ్ అంటే అందరూ దీన్నే మొదటిదిగా చెబుతారు.

మన కచేరీకి అలవాటుపడిన చెవికి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఆలాపన కూడా ఒంటరి ప్రయాణమే కదా అనిపిస్తుంది. కానీ అక్కడ రాగం హద్దు గీసిపెడుతుంది, కింద శ్రుతి మోగుతూనే ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు, హద్దు నువ్వే గీసుకోవాలి. శ్రుతి పెట్టె మాత్రం పెట్టుకోకు. పెట్టావా, నీ చేతులు వాటంతట అవే రాగంలోకి జారిపోతాయి, అప్పుడది వేరే రికార్డు అవుతుంది. (అదీ మంచి రికార్డే కావచ్చు, నువ్వడిగింది అది కాదు.)

నువ్వు ముందు మూడు రకాలే తీసుకో. ఒక్కోదానికి ఒక కార్డు ముక్క మీద ఒకే వాక్యం రాసుకో: "ట్రిల్స్ మాత్రమే, పై స్థాయి జి దాటకూడదు", "ఊపిరంత పొడవు స్వరం, తర్వాత అంతే నిశ్శబ్దం" అన్నట్టు. టైమర్ మూడు నిమిషాలకి పెట్టు. మొదటి నిమిషం హాయిగా సాగుతుంది. రెండో నిమిషంలో విసుగొచ్చి, చేతికి అలవాటైన బిబాప్ జాజ్ లిక్కులు (చిన్న చిన్న పలుకులు) బయటికొస్తాయి. అక్కడ ఆగిపోకు, కార్డు చూసుకుని వెనక్కి రా. అసలు సంగతి మూడో నిమిషంలోనే దొరుకుతుంది. ఇంకో జబ్బు కూడా ఉంది, సోలో వాయించే ప్రతివాళ్లకీ పడుతుంది: ఏ ముక్క ఎత్తుకున్నా చివర అరుపుల్లోకి తీసుకెళ్లి ముగించడం. ఒక్క ముక్కలో అరిస్తే చాలు.

మల్టీఫోనిక్స్‌కి ముందు హార్మోనిక్స్ (ఒకే వేళ్ల మీద పలికే పై స్వరాలు) కుదరాలి. అట్టడుగు బి-ఫ్లాట్ వేళ్లు పెట్టి, వేళ్లు కదపకుండా, గొంతూ నాలుకా మాత్రమే మార్చి పైకి వెళ్లు. ఆ బి-ఫ్లాట్‌ని షడ్జం అనుకుంటే పై షడ్జం, దాని పైన పంచమం, మళ్లీ షడ్జం, ఆపైన అంతర గాంధారం వరసగా పలుకుతాయి. పలకకపోతే పెదవి బిగించకు. బిగిస్తే రీడు మూసుకుపోయి కీచుమంటుంది. "ఈ" అంటున్నట్టు నాలుక వెనక భాగం ఎత్తు. పంచమం, పై షడ్జం రెండూ తేలిగ్గా వచ్చాక వాటి మధ్యలో నిలబడే ప్రయత్నం చెయ్యి, రెండూ కలిసి గరగరమంటాయి. మొదటి మల్టీఫోనిక్ అదే.

ఆగకుండా ఊదడం కూడా అడిగావు. అందులో శాక్సోఫోన్ వాద్యకారుడు ఇవాన్ పార్కర్‌ని వినాలి. 1978లో చేసిన "మోనోసెరోస్" ఆల్బమ్ సొప్రానో శాక్సోఫోన్ సోలో, టేపు లేకుండా నేరుగా డిస్కు మీద చెక్కించింది. అతుకులకి తావే లేదు. పద్ధతి కొత్తదేం కాదు, మన సన్నాయి మేళంలో శ్రుతి పట్టే అతని బుగ్గలు చూడు. బుగ్గల నిండా గాలి దాచి, దాన్ని బుగ్గలతో నెడుతున్న ఆ అర క్షణంలోనే ముక్కుతో పీల్చాలి. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు ఆగకుండా చూసుకో. తర్వాత మౌత్‌పీస్, మెడ గొట్టం మాత్రమే. ఆ తర్వాతే వాయిద్యం. అది కూడా నడి స్థాయిలో ట్రిల్ వేస్తూ. స్వరం కదులుతుంటే మార్పు దగ్గర పడే సొట్ట వినపడదు, నిలిపిన స్వరంలో వెంటనే దొరికిపోతుంది. బుగ్గలు ఉబ్బినప్పుడు దవడ వదులై శ్రుతి కిందికి జారుతుంది, ట్యూనర్ ముందు పెట్టుకుని సరిచేసుకో. అడుగు స్వరాలు గాలి తెగ తాగేస్తాయి, వాటిని చివరికి ఉంచు.

ఇక వాయిద్యం. బ్యాండులో కనపడని లోపాలన్నీ సోలోలో బయటపడతాయి. ఏసీ గదిలో రీడు ఎండిపోయి కొన అలలు తిరుగుతుంది. నీళ్లలో రెండు నిమిషాలు నాననిచ్చి బిగించు. మౌత్‌పీస్ అడుగు రంధ్రాన్ని అరచేత్తో మూసి, కొన వైపు నుంచి గాలి లాగేసి నోరు తియ్యి. రీడు ఒక క్షణం అతుక్కుని ఉండి "టప్" మని ఊడితే సరిగ్గా కూర్చున్నట్టు. వెంటనే ఊడిపోతే ఎక్కడో గాలి పోతోంది. బిగింపు సరిచెయ్యి, అప్పటికీ అంతే అయితే రీడు మార్చు. అట్టడుగు బి, బి-ఫ్లాట్ వణుకుతుంటే ముందు ప్యాడ్ (రంధ్రాన్ని మూసే మెత్త) లీకు చూపించు. లీకు లేకపోతే మౌత్‌పీస్ మూత బెల్‌లోకి (వాయిద్యం వెడల్పు నోట్లోకి) జారవిడిచి చూడు. మొరటు వైద్యమే గానీ చాలాసార్లు పనిచేస్తుంది. జి-షార్ప్ ప్యాడ్ అంటుకుంటుంది, పల్చటి సిగరెట్ కాగితం కింద పెట్టి అద్దు, లాగకు. చల్లటి వాయిద్యం శ్రుతి తక్కువ పలుకుతుంది, పావుగంట ఊదాకే రికార్డు మొదలుపెట్టు.

మైకు బెల్‌లో పెట్టొద్దు, అందరూ చేసే పొరపాటే అది. శాక్సోఫోన్ ధ్వని ఎక్కువగా తెరిచి ఉన్న రంధ్రాల్లోంచి వస్తుంది. బెల్ నుంచి ప్రధానంగా వచ్చేవి అట్టడుగు స్వరాలే. బెల్ ముందు పెడితే అవి బండగా, మిగతావి పల్చగా పడతాయి. ఒక మీటరు నుంచి మీటరున్నర దూరంలో, ఎడమ చేతి కీల ఎత్తులో, వాయిద్యం నడుముకి గురిపెట్టు. గదిలో చప్పట్లు కొట్టి చూడు. టింగ్ టింగ్‌మని తిరిగొస్తే ఒక గోడకి బొంత వేలాడదీయి. ఫోనులో రికార్డు చేస్తే ఆటోమేటిక్ లెవల్ తప్పకుండా ఆపేయి. అది గుసగుసనీ అరుపునీ ఒకే సైజుకి తెచ్చేస్తుంది, నీ కార్డులన్నీ వృథా. నువ్వు ఊదగలిగినంత గట్టిగా ఒకసారి ఊది, ఆ శిఖరం మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా లెవల్ పెట్టు, 24 బిట్. ఆ తర్వాత ముట్టుకోకు. నెమ్మది ముక్కలో కీల టకటక, ఊపిరి చప్పుడు వినపడతాయి. నాయిస్ రిడక్షన్ వేసి వాటిని తుడిచేయకు.

మూడు ముక్కలూ ఒక్కో టేకే. బాగోకపోతే ముక్క మొత్తం మళ్లీ వాయించు, మధ్యలో అతికించకు. రెండు టేకుల మధ్య ఇరవై నిమిషాల విరామం తీసుకో, పెదవికీ చెవులకీ కూడా. చిన్న గదిలో ఆల్టో మోత చెవులకి మంచిది కాదు. ఫైళ్లు ఎంపీత్రీ చేయకుండా పంపు, కార్డులు కూడా ఫొటో తీసి పెట్టు. ఏ ముక్క ఏ కార్డుదో రాయకు, విని నేనే చెబుతాను.

ప్రేమతో,
నాన్న