మామునూరులో రన్‌వేతో పాటు దీపాల మాటా తేలాలి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్ సమీపంలోని మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు 2025 ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చినప్పటి నుంచి మన జిల్లాలో భూసేకరణ, పరిహారం, రన్‌వే పొడవు గురించి చర్చ సాగుతూనే ఉంది. భూమి కోల్పోయే రైతుల గోడు అందరికంటే ముందు వినవలసిందే, అందులో రెండో మాట లేదు. అయితే నిజాం పాలనలో 1930లో ఏర్పడి, 1981 నుంచి మూతబడి ఉన్న ఈ చోట మళ్లీ విమానాలు క్షేమంగా దిగాలంటే, దిగే దారిని పైలట్‌కు చూపే దీపాల గురించి కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఆ ప్రస్తావన ఎక్కడా రాకపోవడం చూసి, భౌతికశాస్త్రం బోధించి విరమణ పొందినవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

రన్‌వే పక్కన, సాధారణంగా ఎడమవైపున, వరుసగా నాలుగు దీపపు పెట్టెలు ఉంటాయి. వీటిని పీఏపీఐ అంటారు. ఒక్కో పెట్టె నుంచి వచ్చే కాంతిపుంజం పైభాగం తెల్లగా, కింది భాగం ఎర్రగా ఉంటుంది. మామూలుగా విమానం 3 డిగ్రీల వాలులో దిగాలి కనుక, ఆ నాలుగు పెట్టెలను 2 డిగ్రీల 30 నిమిషాల నుంచి 3 డిగ్రీల 30 నిమిషాల వరకు, ఒక్కోదానికి 20 నిమిషాల కోణం తేడాతో అమరుస్తారు (కోణాల లెక్కలో డిగ్రీకి 60 నిమిషాలు). రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే విమానం సరైన ఎత్తులో వస్తున్నట్టు. నాలుగూ తెల్లగా కనిపిస్తే మరీ ఎత్తులో, నాలుగూ ఎర్రగా కనిపిస్తే ప్రమాదకరంగా కిందికి వచ్చినట్టు. రేడియో సంకేతాలతో దారి చూపే ఐఎల్ఎస్ లేని విమానాశ్రయాల్లో పైలట్‌కు ఈ నాలుగు దీపాలే పెద్ద దిక్కు.

రాత్రివేళ వీటి అవసరం మరింత ఎక్కువ. చీకటి పొలాల మీదుగా వస్తూ దూరాన రన్‌వే దీపాలు మాత్రమే కనిపిస్తున్నప్పుడు, తాను ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తులో ఉన్నానని పైలట్‌కు భ్రమ కలుగుతుంది, దాంతో తెలియకుండానే విమానాన్ని కిందికి దించుతాడు. మామునూరుకు ఒక పక్క వరంగల్ నగరపు వెలుగు ఉంటే, మిగతా పక్కల చాలావరకు పొలాలూ పల్లెలే. అందుకే ఈ దీపాలు రన్‌వేకు రెండు చివరలా, మొదటి విమానం దిగే నాటికే ఉండాలి.

అయితే దీపాలు పెట్టడంతోనే పని అయిపోదు. మన ప్రాంతంలో రేగడి నేల ఎండాకాలం నెర్రెలు బారుతుంది, వానలు పడగానే ఉబ్బుతుంది. దాని మీద కట్టిన ఇళ్ల గోడలు బీటలు వారడం ఇక్కడ అందరూ చూసిందే. అటువంటి నేలలో పునాది కదిలి పెట్టెలన్నీ ముందుకు కేవలం అర డిగ్రీ వాలాయనుకుందాం. అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న పైలట్, ఉండవలసిన ఎత్తుకంటే దాదాపు 44 మీటర్లు కిందికి వచ్చినా, సరిగ్గానే వస్తున్నాడని దీపాలు చెబుతాయి. దీపం ఆరిపోతే పైలట్‌కు వెంటనే తెలుస్తుంది, తప్పు చెప్పే దీపాన్ని మాత్రం అతడు నమ్ముతాడు. కనుక ఈ పెట్టెలు నిలిపే చోట నేల చల్కా, రేగడా అన్నది ముందే పరీక్షించి, తగిన లోతులో పునాది వేయాలి. ప్రతి వానాకాలం తర్వాత కోణాలను తిరిగి కొలవాలి. చలికాలపు మంచుకు కటకాల మీద తేమ పేరుకుంటే ఎరుపూ తెలుపూ కలిసిపోయి రంగు తేల్చుకోవడం కష్టమవుతుంది. కటకాలను వెచ్చగా ఉంచే ఏర్పాటు కూడా అందుకే అవసరం.

2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో రాత్రి వానలో దిగిన విమానం రన్‌వే మీద చాలా దూరం వెళ్లాక గానీ నేలను తాకలేదు. అది రన్‌వే దాటి లోయలో పడి 21 మంది మరణించారు. ఆ ప్రమాదానికి కారణాలు అనేకం, దీపాలొక్కటే దాన్ని ఆపేవని నేను అనను. కానీ నేలను తాకవలసిన భాగాన్ని గుర్తుచేసే దీపాలను కూడా మామునూరు ప్రణాళికలో చేర్చాలని ఆ ఘటన తెలిసినవారెవరైనా కోరుకుంటారు.

చివరగా, విమానాశ్రయం ప్రహరీ బయటి సంగతి. ఖమ్మం రోడ్డు వెంట నగరం వేగంగా విస్తరిస్తోంది. పెళ్లిళ్లలో, గణేశ్ నిమజ్జనంలో ఆకాశంలోకి లేజర్ కిరణాలు వదలడం మామూలైపోయింది. అవి కళ్లలో పడితే సరిగ్గా దిగే క్షణాల్లోనే పైలట్‌కు చూపు మసకబారుతుంది. విమానం దిగే దారిలో భవనాల ఎత్తుపై, ఆకాశంవైపు తిప్పిన తీక్షణమైన దీపాలపై, లేజర్లపై ఆంక్షలను కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, పోలీసు శాఖ కలిసి ఇప్పుడే ప్రకటించాలి. కట్టడాలు లేచాక కూల్చమనడం అటు యజమానులకూ, ఇటు అధికారులకూ కష్టమే. ఏయే దీపాలు ఎక్కడ, ఎప్పటిలోగా ఏర్పాటు చేస్తారో భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ వరంగల్ ప్రజలకు తెలుగులో వెల్లడించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ.