పిల్లలకు ‘లెర్నర్’ ముద్రలు వద్దు

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో ‘మీ పిల్లలు ఏ రకం లెర్నర్?’ అనే ప్రశ్నావళి వేశారు. కొన్ని ప్రశ్నలకు టిక్కులు పెడితే పిల్లలు చూసి నేర్చుకునే రకమో, విని నేర్చుకునే రకమో, చేసి నేర్చుకునే రకమో తేలిపోతుందట. తేలాక ఇక ఆ దారిలోనే పాఠం చెప్పాలట. కాలక్షేపానికైతే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ ఇదే మాట టీచర్ల శిక్షణ తరగతుల్లోనూ వినపడుతోంది, కొన్ని బడుల్లో ప్రోగ్రెస్ రిపోర్టుల్లోకీ ఎక్కుతోంది. లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

తెలివి అందరిలో ఒకే తీరున ఉండదన్నది నిజమే. అది తెలియడానికి ఏ క్లాసులోనైనా ఒక గంట కూర్చుంటే చాలు. ఒకరికి మాట చక్కగా వస్తుంది, ఒకరికి బొమ్మ. ఇంకొకరు పెద్దవాళ్లకు కూడా తెగని తగువును ఇట్టే తీర్చేస్తారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో దీన్నే సిద్ధాంతంగా చెప్పారు. భాష, తర్కం–గణితం, స్థలజ్ఞానం, సంగీతం, శరీరం మీద పట్టు, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, తనను తాను అర్థం చేసుకోవడం అని ఏడు రకాల తెలివిని లెక్కపెట్టారు. ప్రకృతిని గమనించే తెలివిని తర్వాత చేర్చారు. ఇవి నిజంగా దేనికవే విడివిడిగా ఉంటాయా అన్న విషయంలో ఆయనతో ఏకీభవించనివారు చాలామందే ఉన్నారు. ఒక సబ్జెక్టులో బాగా చేసేవారు మిగతావాటిలోనూ బాగా చేసే అవకాశం ఎక్కువని బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త చార్లెస్ స్పియర్‌మన్ 1904లోనే చూపించారు. ఆ వాదన ఇంకా నడుస్తోంది, నడవనివ్వండి.

నా గొడవ వేరు. తెలివి రకాల మాట ఎత్తి, దాని చాటున పిల్లల్ని ‘విజువల్’, ‘ఆడిటరీ’ అని విడదీస్తున్నారు. గార్డ్‌నర్ చెప్పింది అది కాదు. తెలివి రకాలు, లెర్నర్ రకాలు ఒకటి కావని 2013లో ఆయనే వివరంగా రాశారు కూడా. ఇక ఈ ‘లెర్నర్’ రకాలైనా అందరూ ఒప్పుకున్నవా అంటే, 2004లో బ్రిటన్‌లో ఒక పరిశోధక బృందం లెక్క తీస్తే 71 వేర్వేరు నమూనాలు తేలాయి. వాటిలో ఏ నమూనా ప్రకారం పిల్లవాడి మీద ముద్ర వేస్తున్నారో రిపోర్టు ఇచ్చే బడి చెప్పదు.

ఈ ‘లెర్నర్’ సిద్ధాంతం నిజమో కాదో అసలు ఎలా పరీక్షించాలి? చూసి నేర్చుకుంటామనే వారిని రెండు సగాలు చేసి ఒక సగానికి బొమ్మలతో, రెండో సగానికి మాటలతో అదే పాఠం చెప్పాలి. విని నేర్చుకుంటామనే వారికీ అలాగే చేయాలి. చివర అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. మొదటివారికి బొమ్మల పాఠం, రెండోవారికి మాటల పాఠం ఎక్కువ మార్కులు తెస్తేనే ఈ సిద్ధాంతం నిలబడుతుంది. 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టారు. ఇలా సరిగ్గా చేసినవే చాలా కొద్ది. వాటిలోనూ కొన్నింటి ఫలితాలు ఆశించినదానికి పూర్తి విరుద్ధంగా వచ్చాయి. బడుల్లో దీన్ని వాడడానికి తగిన ఆధారం లేదని వారు తేల్చారు.

ఇష్టాలు ఉంటాయి, కాదనను. నాకు బొమ్మలున్న పుస్తకం ఇష్టం. అయితే ఏ దారిలో చెప్పాలన్నది ఎక్కువగా పాఠాన్ని బట్టి ఉంటుంది. మ్యాపు చూడకుండా భూగోళం రాదు, వినకుండా కొత్త భాష ఉచ్చారణ పట్టుబడదు, నీళ్లలో దిగకుండా ఈత రాదు. ఏ ముద్ర ఉన్న పిల్లలకైనా ఇది ఒకటే. ముద్ర వల్ల జరిగేదల్లా ఒక్కటి: ‘నేను విజువల్ లెర్నర్‌ని సార్, చదివితే నాకు ఎక్కదు’ అని పదేళ్ల పిల్లవాడు పుస్తకం మూసేస్తాడు. చదవడం బలహీనంగా ఉన్నవాడికే ఎక్కువ చదివించాలి కదా!

ఇంతకంటే దారుణం వేలిముద్రలు తీసుకుని తెలివి ఏ రకమో, ఏ చదువుకు పనికొస్తారో చెబుతామనే రిపోర్టులు. వేలిముద్రలు పుట్టకముందే ఏర్పడతాయి, జీవితాంతం అలాగే ఉంటాయి. వాటిని చూసి పిల్లవాడు ఎలా నేర్చుకుంటాడో చెప్పే శాస్త్రం లేదు. ఇలాంటివారిని బడి గేటు దాటి లోపలికి రానివ్వకూడదు.

మరి పనిచేసేది ఏమిటి? మీ అనుబంధం రాయనిది ఇదే. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం చూడండి. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతల్లో చదివారు. కొందరు ఒక్క విడత చదివి, మూడు విడతల్లో పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగు విడతలూ చదివినవారిదే పైచేయి, 83 శాతానికి 71. వారం తర్వాత లెక్క తిరగబడింది: చదివినవారికి 40 శాతం గుర్తుంటే, రాసి చూసుకున్నవారికి 61. విచిత్రమేమిటంటే, తమకు బాగా గుర్తుంటుందని ధీమాగా ఉన్నది పదేపదే చదివినవారే. మళ్లీ చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. గుర్తు తెచ్చుకోబోతే తడబాటు, టెన్షన్. అందుకే పిల్లలు దీన్ని తప్పించుకుంటారు, అందుకే బడి దీన్ని అలవాటు చేయాలి. మార్కులు వేయని చిన్న చిన్న పరీక్షలు రోజూ పెట్టొచ్చు. ఒకే రోజు మూడు గంటలు కూర్చోబెట్టే బదులు అదే పాఠాన్ని మూడు రోజులకు పంచొచ్చు. లెక్కల్లోనైతే ఒకే రకం ఇరవై చేయించకుండా నాలుగు రకాలు కలిపి ఇస్తే, ఏ పద్ధతి ఎక్కడ వాడాలో పిల్లలే తేల్చుకోవాల్సి వస్తుంది. ఇవి దాదాపు అందరికీ పనికొస్తాయి, ఎవరి మీదా ముద్ర వేయనక్కర్లేదు.

చూపు, వినికిడి లోపాలున్న పిల్లల మాటేమిటని, చదవడం, స్పెల్లింగ్ కష్టమయ్యే డిస్లెక్సియా సంగతేమిటని కొందరు అడుగుతారు. ఆ అవసరాలు నిజమైనవి. వాటిని తేల్చాల్సింది నిపుణులు, పత్రికలో వచ్చే ప్రశ్నావళి కాదు. బ్రెయిలీ పుస్తకం, సైగల భాష తెలిసిన టీచరు, పరీక్షలో అదనపు సమయం ఆ పిల్లలకు దొరకడం చాలాచోట్ల ఇంకా కష్టంగానే ఉంది. రిపోర్టుల మీద పెట్టే ఖర్చును బడులు ముందు అటు మళ్లించాలి. పిల్లల ప్రోగ్రెస్ కార్డులో ‘లెర్నర్ రకం’ అనే గడి కనిపిస్తే, దానికి ఆధారం ఏమిటో రాతపూర్వకంగా ఇవ్వమని తల్లిదండ్రులు అడగాలి.

– ఒక లెక్కల టీచర్